తప్పు కణానిదా, చుట్టూ ఉన్న చోటుదా?

మన స్కూల్లో ఎవరినైనా "మీది ఏ ఊరు?" అని అడిగి చూడండి. వెంటనే జవాబు రాదు. "పుట్టింది ఒకచోట, ఒకటో క్లాసు ఇంకోచోట, ఇప్పుడు పుదుచ్చేరి" అని మొదలుపెడతారు. అమ్మకో నాన్నకో బదిలీ ఆర్డర్ వస్తే చాలు, మనం టీసీ తీసుకుని బయలుదేరాల్సిందే.

బదిలీల గురించి ఇంట్లోనూ స్కూల్లోనూ తరచూ వినపడే మాట ఒకటుంది. "కొత్తగా వచ్చినవాళ్లే సర్దుకుపోవాలి." ఈ మాటలో సగమే నిజం ఉందని నా అభిప్రాయం. నాకు ఆ సంగతి ఒక చిన్న చేప వల్ల తెలిసింది.

ఆ చేప పేరు జీబ్రాఫిష్. మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవు ఉంటుంది, ఒంటి మీద నీలి చారలు ఉంటాయి. అక్వేరియం షాపుల్లో మీరు చూసే ఉంటారు. ఇది మన దేశపు చేపే. గంగానది చేపల గురించి ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో ప్రచురించిన పుస్తకంలో దీని వర్ణన ఉంది. 1970లలో అమెరికాలోని ఆరెగాన్ యూనివర్సిటీలో జార్జ్ స్ట్రైసింగర్ దీన్ని పరిశోధనకు ఎంచుకున్నారు. ఇప్పుడు హైదరాబాద్‌లోని సీసీఎంబీతో సహా ప్రపంచంలో ఎన్నో ల్యాబుల్లో దీన్ని పెంచుతున్నారు. మనలాగే ఊళ్లు తిరిగిన చేప అన్నమాట.

శాస్త్రవేత్తలకు దీని మీద అంత ఇష్టం ఎందుకంటే, దీని గుడ్డు తల్లి కడుపు బయట, నీళ్లలో పెరుగుతుంది. పిండం గాజులా ఉంటుంది కాబట్టి గుండె తయారవడాన్ని మైక్రోస్కోప్ కింద కళ్లతోనే చూడవచ్చు. పైగా అంత చిన్న పిండానికి కావలసిన ఆక్సిజన్ చుట్టూ ఉన్న నీళ్లలోంచి నేరుగా అందుతుంది. అందువల్ల గుండె సరిగా ఏర్పడకపోయినా పిండం కొన్ని రోజులు బతికే ఉంటుంది. లోపం ఎక్కడుందో వెతకడానికి సమయం దొరుకుతుంది.

గుండె మొదటి నుంచీ ఒకేచోట పెరుగుతుందని నేను అనుకునేవాణ్ణి. అది నిజం కాదు. గుండె కాబోయే కణాలు పిండం మధ్యగీతకు కుడివైపు ఒక గుంపు, ఎడమవైపు ఒక గుంపుగా ఉంటాయి. రెండు గుంపులూ మెల్లగా మధ్యకు కదిలి, ఫలదీకరణ జరిగిన 20 గంటలలోపే కలుసుకుంటాయి. కలిసి ఒక గొట్టంగా మారతాయి. ఒక రోజు గడిచేసరికి ఆ గొట్టం కొట్టుకుంటూ ఉంటుంది. రెండో రోజుకల్లా అది వంగి, కర్ణిక, జఠరిక అనే రెండు గదులు తెలుస్తాయి. తల్లి కడుపులో మన గుండె కూడా ఇలా రెండు పక్కల నుంచి వచ్చి కలిసిన భాగాలతోనే మొదలవుతుంది.

జర్మనీలోని ట్యూబింగెన్‌లోనూ అమెరికాలోని బోస్టన్‌లోనూ శాస్త్రవేత్తలు జన్యులోపాలున్న వేలాది జీబ్రాఫిష్ పిండాలను పరిశీలించి, 1996లో ఆ ఫలితాలు ప్రచురించారు. వాటిలో కొన్ని పిండాలు వింతగా ఉన్నాయి. రెండు గుంపులూ మధ్యకు చేరలేదు. ఎక్కడివక్కడే ఆగిపోయి రెండు చిన్న గుండెలయ్యాయి. రెండూ విడివిడిగా కొట్టుకుంటున్నాయి కానీ రక్తం ఒంట్లో తిరగడం లేదు. ఆ లోపమున్న జన్యువుకు 'మైల్స్ అపార్ట్' అని పేరు పెట్టారు. మైళ్ల దూరం అని అర్థం.

ఇక్కడ తప్పు ఎవరిది? నడవాల్సింది గుండె కణాలు, నడవనిదీ అవే. కాబట్టి తప్పు వాటిదే అని నేనైతే చెప్పేసేవాణ్ణి. కానీ శాన్‌ఫ్రాన్సిస్కోలో డిడియర్ స్టేనియర్ బృందం అలా చెప్పేయకుండా పరీక్షించి చూసింది. వాళ్లు కణాలను ఒక పిండం నుంచి ఇంకో పిండానికి మార్చారు. మన భాషలో చెప్పాలంటే, బదిలీ చేశారు. లోపమున్న పిండంలోని కణాలను ఆరోగ్యంగా ఉన్న పిండంలో పెడితే అవి చక్కగా మధ్యకు నడిచాయి. ఆరోగ్యంగా ఉన్న కణాలను లోపమున్న పిండంలో పెడితే అవి నడవలేక ఆగిపోయాయి. 2000లో 'నేచర్' పత్రికలో ఈ ఫలితం వచ్చింది. తప్పు నడిచే కణాలది కాదు, చుట్టూ ఉన్న కణాలదని తేలింది.

చుట్టూ ఉన్న కణాలు చేయాల్సిన పని ఏమిటంటే, ఒక సంకేతం అందుకోవడం. ఎస్1పీ అనే కొవ్వు పదార్థం ఉత్తరం లాంటిది అనుకుంటే, మైల్స్ అపార్ట్ జన్యువు తయారుచేసే రిసెప్టర్ దాన్ని అందుకునే పోస్టుడబ్బా లాంటిది. ఆ ఉత్తరాన్ని కణం లోపలి నుంచి బయటికి పంపే ప్రోటీన్ ఇంకొకటి ఉంది. 2009లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించినదాన్ని బట్టి, అది పనిచేసేది కూడా గుండె కణాల్లో కాదు, పచ్చసొనను అంటుకుని ఉన్న పొరలో. ఉత్తరం బయటికి రాకపోయినా, వచ్చినదాన్ని ఎవరూ అందుకోకపోయినా గుండె రెండుగానే మిగిలిపోతుంది. కణాల అడుగున ఉండే కణపొర అసలు ఏర్పడకపోయినా అంతే. ఒక్క గుండె తయారవ్వాలంటే దాని చుట్టుపక్కల ఇంతమంది పనిచేయాలి.

ఇది చదివినప్పుడు నాకు మా క్లాసులో నిరుడు నవంబరులో చేరిన ఒక అబ్బాయి గుర్తొచ్చాడు. ఈశాన్య రాష్ట్రం నుంచి వచ్చాడు. చివరి బెంచీలో కూర్చునేవాడు. లంచ్‌లో మేమంతా తమిళంలో మాట్లాడుకుంటుంటే డబ్బా మూసేసి కిటికీలోంచి చూసేవాడు. "వాడే కలవడు" అని అందరం అన్నాం. నేనూ అన్నాను. మార్చి అయ్యాక వాళ్ల నాన్నగారికి మళ్లీ బదిలీ అయింది. కొన్ని నెలలకు అతను కొత్త స్కూల్లో నాటకం వేస్తున్న ఫోటో చూశాను. స్టేజీ మధ్యలో ఉన్నాడు, నోరారా నవ్వుతున్నాడు. అదే అబ్బాయి. మారింది చోటు మాత్రమే.

నేను ఈ ఊరికి వచ్చినప్పుడు నాకు ఒక్క తమిళ ముక్క కూడా రాదు. పక్క బెంచీ అమ్మాయి అడగకుండానే నోట్సు ఇచ్చింది, బస్సులో ఒకటి నుంచి వంద వరకు తమిళంలో లెక్కపెట్టడం నేర్పింది. నేను త్వరగా కలిసిపోయానని ఇంట్లో మెచ్చుకున్నారు. ఆ మెప్పులో సగం ఆ అమ్మాయిది.

చేప పిండం మనకు నీతి చెప్పడానికి పెరగదు. మనం కణాలమూ కాదు. కణం మాట్లాడలేదు, మనం మాట్లాడగలం. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు కూడా ఒక అడుగు వేయాలి, కాదనను. కానీ ఆ శాస్త్రవేత్తల పద్ధతి మనకు పనికొస్తుంది. ఎవరైనా ఆగిపోతే, వాళ్లలో లోపముందని తేల్చేముందు వాళ్ల చుట్టూ ఏముందో చూడాలి. మన మీద ఆ మార్పిడి ప్రయోగం కొన్నేళ్లకోసారి జరుగుతూనే ఉంది. ఒక స్కూల్లో వాగుడుకాయ, ఇంకో స్కూల్లో మౌనముని అయిన పిల్లలు మనలో ఎంతమంది లేరు!

అందుకే నా సలహా ఇది. సెషన్ మధ్యలో ఎవరైనా చేరితే, మొదటి వారం క్లాసులో ఒకరు వాళ్ల పక్కన కూర్చోవాలి. అయిపోయిన పాఠాల నోట్సు అడగకముందే ఇవ్వాలి. వాళ్ల పేరు సరిగ్గా పలకడం నేర్చుకోవాలి. లంచ్‌లో వాళ్లున్నంతసేపు వాళ్లకు అర్థమయ్యే భాషలో మాట్లాడాలి. ఇవేవీ పెద్ద పనులు కావు. కణాలు పంపుకునే సంకేతాలు కూడా చాలా చిన్నవే.

మన తెలుగులో ఒక తమాషా ఉంది. బస్సులో "కాస్త సర్దుకోండి" అని ఎవరితో అంటాం? నిలబడినవాళ్లతో కాదు, ముందే కూర్చున్నవాళ్లతో. ఈ ఏడాది కూడా ఎవరో ఒకరు టీసీ పట్టుకుని మన క్లాసు గుమ్మం దగ్గర నిలబడతారు. ఆ రోజు ముందు మనం సర్దుకుందాం.