కుట్లు విప్పితే పని అయిపోదు

మోకాలిచిప్పల ఆపరేషన్ గురించి చంద్రగిరిలో ఎవరిని కదిలించినా ఒకటే మాట. అరిగిన కీలు తీసేస్తారు, కొత్తది పెడతారు, ఇంక ఇరవై ఏళ్ళు దాని ఊసే ఎత్తక్కర్లేదు. ప్రకటనలూ ఈ మాటనే పెద్దక్షరాల్లో వేస్తున్నాయి. మెట్టు దిగలేక, నేలమీద కూర్చోలేక ఏళ్ళతరబడి వేగిన మనిషికి అది ఎంత ఊరటో నాకు తెలుసు. అయినా అది తప్పుడు మాట, హాని చేసే మాట.

ఆపరేషన్‌కి నేను వ్యతిరేకిని కాను. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ తుంటికీలు మార్పిడిని ఒక దారికి తెచ్చినప్పటి నుంచి ఈ వైద్యం లక్షలమందిని మంచం మీంచి లేపింది. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి పేదలకు ఈ వైద్యాన్ని అందుబాటులోకి తెచ్చింది. వేసిన కీళ్ళ చిట్టా రాసే విదేశీ రిజిస్ట్రీల లెక్కలు క్రోడీకరించి 2019లో లాన్సెట్ పత్రిక వేసిన అధ్యయనాల ప్రకారం, పాతికేళ్ళ తర్వాత కూడా మార్చిన మోకాళ్ళలో నూటికి 82, తుంటికీళ్ళలో నూటికి 58 నిలిచే ఉన్నాయి. గొప్ప ఫలితమే. కానీ మిగిలిన 18 మంది, 42 మంది కూడా మనుషులే కదా. వాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు.

ఆపరేషన్ అయ్యాక శ్రీవారి మెట్టు మీదుగా నడిచి కొండెక్కుతానని మొక్కుకునేవాళ్ళు మా వైపు ఉన్నారు. రెండు వేల మూడు వందల పైచిలుకు మెట్లు. కొందరు ఎక్కుతారు కూడా. ఎక్కినవాళ్ళ సంగతి ఊరంతా చెప్పుకుంటుంది. గాయం మానక మూలన కూర్చున్నవాళ్ళ సంగతి ఇల్లు దాటదు.

గాయం దగ్గర జరిగేది చూడండి. కుట్లు విప్పిన వారానికి కట్టు మీద రూపాయి బిళ్ళంత తడి. మోకాలు కాస్త వెచ్చగా, ఎర్రగా ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ‘కొత్త గాయం కదా, అట్లనే ఉంటాది’ అంటారు. మెడికల్ షాపుకెళ్ళి ఐదు రోజుల యాంటీబయాటిక్ తెస్తారు. తడి ఆరుతుంది, అందరూ నిమ్మళిస్తారు. నెల తిరిగేసరికి మళ్ళీ ఊరుతుంది, మళ్ళీ అదే మాత్ర.

ఇంతకంటే చెడ్డ పని లేదు. లోహం మీద చేరిన బాక్టీరియా కొద్దిరోజుల్లోనే తన చుట్టూ జిగురు పొర అల్లుకుంటుంది. ఆ పొర పట్టాక మాత్రలు దాన్ని పూర్తిగా చంపలేవు. పైగా ముందే మాత్రలు మింగడంవల్ల, డాక్టరు సూదితో కీలులోంచి నీరు తీసి పరీక్షకు పంపినా అందులో క్రిమి దొరక్కపోవచ్చు. ఏ క్రిమో తెలియకపోతే ఏ మందో తేల్చడం కష్టం. అదే మనిషి తడి కనిపించగానే ఆపరేషన్ చేసినచోటికి వెళ్తే, కీలు తెరిచి కడిగి, మధ్యలోని ప్లాస్టిక్ ముక్క మార్చి, వేసిన కీలునే కాపాడే అవకాశం చాలావరకు ఉంటుంది. ఆ గడువు కొద్ది వారాలే. అది దాటితే చాలామందికి మొత్తం పీకేయాల్సి వస్తుంది. ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, వారాల తరబడి మందులిచ్చి, చీము పోయిందని తేలాక మరో ఆపరేషన్‌లో కొత్త కీలు వేస్తారు. అన్నాళ్ళూ ఆ మనిషికి వాకరే దిక్కు.

రెండోసారి వేసేది మొదటిసారి లాంటిది కూడా కాదు. ప్లాస్టిక్ అరిగి రాలిన సన్నని పొడి వల్ల చుట్టూ ఎముక కరుగుతుంది, చీము ఇంకొంత తింటుంది. కీలు ఆనడానికి చోటే మిగలదు. కరిగినచోట లోహపు దిమ్మలు పేర్చాలి, లేదా దానం వచ్చిన ఎముక పూడ్చాలి, ఎముక లోపలికి పొడవాటి కడ్డీలు దింపాలి. 2017 ఆగస్టులో కేంద్రం ధరలు కట్టడి చేసినప్పుడు మామూలు మోకాలి కీలుకు పన్ను కాక 54,720 రూపాయలు పెడితే, రెండోసారి వేసే కీలుకు 1,13,950 పెట్టింది. రెట్టింపు కంటే ఎక్కువ. గది, మందులు, పోయిన కూలి వేరే.

ఇలా జరిగినవాళ్ళను ఊరు రెండు మాటలతో సాగనంపుతుంది: ‘డాక్టరు చెడగొట్టాడు’, లేకపోతే ‘వాళ్ళ తలరాత’. రెండూ నాకు సమ్మతం కావు. మంచి చేతుల్లోనూ నూటికి ఒకరిద్దరికి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. చక్కెర అదుపులో లేకపోవడం, పుచ్చుపన్ను, కాలిపగుళ్ళలో పుండు, ఇవన్నీ ఆ ముప్పును పెంచేవే. వీటిని ముందే సరిచేసుకోవచ్చు. తలరాత అనేస్తే ఆ పని ఎవరూ చేయరు. డాక్టరు మీద వేసేస్తే రోగి కోపంతో మరో ఆసుపత్రికి పోతాడు. అక్కడివాళ్ళకు లోపల ఏ కంపెనీ కీలుందో, ఏ సైజో తెలియదు.

అది తెలియకపోతే ఏమవుతుందో దేశం ఒకసారి చూసింది. డిప్యూ కంపెనీ ఏఎస్ఆర్ తుంటికీలును 2010లో ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు. లోహం మీద లోహం రాసుకుని కోబాల్టు, క్రోమియం రక్తంలో కలిశాయి. మన దేశంలో సుమారు 4,700 మందికి ఆ కీలు వేశారు. కేంద్రం 2017లో వేసిన నిపుణుల కమిటీ లెక్క తీసేసరికి వాళ్ళలో వేలమంది ఆచూకీ లేదు. కనీసం 20 లక్షల పరిహారం ఇవ్వాలని కమిటీ చెప్పింది, కానీ మనిషే దొరకకపోతే ఎవరికిస్తారు? స్వీడన్ 1975 నుంచే మోకాలి కీళ్ళ చిట్టా రాస్తోంది. మన దగ్గర కీళ్ళ వైద్యుల సంఘం చిట్టా ఉన్నా, అందులో రాయడం డాక్టరు ఇష్టం.

ఇవన్నీ చెబితే జనం భయపడి ఆపరేషన్ మానేస్తారని కొందరు డాక్టర్లే అంటారు. జనం ఇప్పటికే భయపడుతున్నారు. పక్కవీధిలో ఒకరికి కాలు చెడిందని గుసగుసగా విని, కారణం తెలియక, కాళ్ళు విల్లులా వంగిపోయేదాకా వాయిదా వేస్తున్నారు. చీము ఎందుకు పడుతుందో, పడితే దారేమిటో ముందే చెప్పిన డాక్టరును వాళ్ళు ఎక్కువ నమ్ముతారు.

ఇంటికి పంపేటప్పుడు తెలుగులో ఒక్క కాగితం ఇవ్వాలి. కీలు పెట్టె మీదుండే స్టిక్కర్లు, కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరుతో సహా, దానికి అంటించాలి. కట్టు తడిస్తే ఏ వేళనైనా ఎవరికి ఫోన్ చేయాలో రాయాలి. నొప్పి లేకపోయినా ఎక్స్‌రేకి ఎప్పుడెప్పుడు రావాలో తేదీలు వేయాలి, ఎందుకంటే ఎముక కరగడం నొప్పి కంటే ముందు ఎక్స్‌రేలోనే కనిపిస్తుంది. ఆ ఎక్స్‌రే చంద్రగిరి ప్రభుత్వాసుపత్రిలోనే తీసి తిరుపతికి ఫోన్‌లో పంపే ఏర్పాటుంటే, కూలి మానుకోలేక తేదీ దాటబెట్టేవాళ్ళు సగం తగ్గిపోతారు.