ఊడిన కండ మళ్ళీ వస్తుందా?

బాలలూ, మోకాలు గీరుకుపోతే కొద్దిరోజులలో కొత్త చర్మం వస్తుంది. మరి కండో?

కండపోగుల అంచున చిన్న కణాలు నిద్రపోతూ ఉంటాయి. 1961లో మౌరో అనే శాస్త్రజ్ఞుడు వీటిని కప్ప కాలిలో చూశాడు. దెబ్బ తగిలితే ఇవి మేలుకొని కొత్త పోగులు కడతాయి. కాని ప్రమాదంలో పెద్ద ముక్కే ఊడిపోతే వీటి వల్ల కాదు. అక్కడ గట్టి మచ్చ మిగులుతుంది. కాలు ఈడ్చవలసి వస్తుంది.

బీరతీగకు పందిరి కావాలి కదా! అందుకని పంది మూత్రాశయపు పొరలో కణాలన్నీ తీసివేసి, మిగిలిన అల్లికను గాయంలో పందిరిగా కుట్టారు. (పందికీ పందిరికీ చుట్టరికం కలిపానని నవ్వకండి.) 2014లో అమెరికా వైద్యులు ప్రకటించిన అయిదుగురిలో ముగ్గురికే బలం పెరిగింది.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివారు 2001 నుంచి నల్లగుడ్డు పైపొరను పెంచి ఎందరికో అతికారు. అక్కడ ఉమ్మనీటి సంచి పొరే పందిరి. కాని కంటిపొర పలచన. దానికి నెత్తురు గొట్టాలు అక్కరలేదు. కండ మందం. నెత్తురు అందకపోతే లోపలి కణాలు చస్తాయి. నరం అంటుకోకపోతే, ఎంత కండ పెరిగినా కదలదు.