పులిపిరి రాలింది, పేరు పసరుకొచ్చింది

కరీంనగర్ బజార్లోనైనా, ఆదిలాబాద్ గూడెంలోనైనా వేలి మీద పులిపిరి కనబడితే చాలు, అడక్కుండానే మందు చెప్పేవాళ్లు నలుగురు పోగవుతారు. ఒకరు జిల్లేడు పాలు పూయమంటారు. ఇంకొకరు ఎల్లిగడ్డ దంచి కట్టమంటారు. వెంట్రుకతో బిగించి కడితే ఎండి రాలుతుందని ఒక పెద్దమ్మ, సున్నంలో బట్టల సోడా కలిపి పుల్లతో అంటించమని పాన్‌డబ్బా అతను. ఆఖరికి అందరి మాటా ఒకటే: "చెట్టు మందే గదా, పోతే పోతది, లేకుంటే నష్టమేంది?"

నష్టం ఉంది.

ముందు ఆ సున్నం సంగతే చూద్దాం. తడి సున్నం, బట్టల సోడా కలిస్తే పుట్టేది కాస్టిక్ సోడా. సబ్బు తయారీలో వాడేదీ, మూసుకుపోయిన మోరీ పైపులో పోసేదీ అదే. ఆమ్లం పడితే చర్మం మీద పెచ్చు కట్టి మంట కొంతవరకు ఆగుతుంది. క్షారానికి ఆ అడ్డు లేదు, కొవ్వును సబ్బుగా మారుస్తూ, మాంసకృత్తులను కరిగిస్తూ లోపలికి దిగుతూనే ఉంటుంది. పులిపిరి రాలే మాట నిజమే, చుట్టూ ఉన్న మంచి చర్మాన్నీ వెంటబెట్టుకుని రాలుతుంది. జగిత్యాల, కోరుట్ల, నిర్మల్‌లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు వెయ్యి బీడీల లెక్కన కూలి. బొటనవేలు పుండు పడితే ఆ వెయ్యి ఎవరు చుట్టాలి? ఇంతకీ ఈ 'చెట్టు మందు'లో చెట్టు ఎక్కడుందో చెప్పేవాళ్లు లేరు.

నిజంగా చెట్టు నుంచే వచ్చే నల్లజీడిదీ ఇదే కథ. చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే గింజ అది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇండియాలో ఉన్న అమెరికన్ సైనికులకు చర్మం దురద పెట్టి బొబ్బలెక్కితే, వైద్యులు వెతగ్గా వెతగ్గా తేలింది బట్టల మీద వేసిన జీడి గుర్తే. 1943లో ఆ సంగతి అమెరికా వైద్య పత్రికలోకీ ఎక్కింది. ఉతికిన గుడ్డ మీది చుక్కే అంత పని చేస్తే, గింజ కాల్చి తీసిన నూనె పులిపిరికని నేరుగా ఒంటికి పూస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆయుర్వేదం నల్లజీడిని ఉపవిషాల జాబితాలో చేర్చి, శుద్ధి చేయనిదే ముట్టొద్దంది. సుశ్రుతుడు క్షారం ఎలా వండాలో, ఎంతసేపు ఉంచాలో, ఆ తర్వాత పులుపుతో ఎలా విరవాలో ఒక అధ్యాయమే రాశాడు. సంప్రదాయం పేరు చెప్పుకుని ఫోన్ల నిండా తిరిగే చిట్కాలో ఆ కొలతా లేదు, ఆ భయమూ లేదు.

జిల్లేడు పాలు పూసిన వేలితో పిల్లవాడు కన్ను నలుపుకుంటే అది ఇంకో అనర్థం. పెద్దగా నొప్పి తెలియకుండానే నల్లగుడ్డు వాచి చూపు మసకబారుతుంది.

"మరి మా తాతకు పోయింది గదా?" పోయే ఉంటుంది. పులిపిరి వైరస్ వల్ల వస్తుందని ఇటలీ వైద్యుడు చుఫో 1907లోనే చూపించాడు. హ్యూమన్ పాపిలోమా వైరస్ అని ఇప్పుడు పిలిచేది దాన్నే. ఒంటి రోగనిరోధక శక్తి దాన్ని గుర్తుపట్టిన రోజు పులిపిరి దానంతటదే మాయమవుతుంది. వెయ్యి మంది పిల్లలను గమనించిన 1963 నాటి అధ్యయనంలో మూడింట రెండు వంతుల పులిపిర్లు రెండేళ్లలో మందు లేకుండానే పోయాయి. 2010లో అచ్చయిన నెదర్లాండ్స్ పరీక్షలో మొత్తమ్మీద పులిపిర్లు 13 వారాల్లో నయమైనవి: ఏమీ చేయనివారిలో 16 శాతం, సాలిసిలిక్ ఆమ్లం పూసుకున్నవారిలో 24, ద్రవ నత్రజనితో గడ్డకట్టించుకున్నవారిలో 39. అంటే ఊరికే కూర్చున్నా ఆరుగురిలో ఒకరికి మూడు నెలల్లో పోతుంది. ఆ ఒక్కరూ ఆ రోజుల్లో ఎల్లిగడ్డ కట్టుకుని ఉంటే ఊరంతా ఎల్లిగడ్డే. పోనివాళ్లు ఎవరికీ చెప్పరు, మరో పసరుకు మారతారు. చిట్టచివర పూసినదానికి పేరొస్తుంది.

చెట్టులో మందే లేదనడం కూడా మొండితనమే. ఇరాన్‌లో 25 మంది మీద అత్తిపాలు పరీక్షిస్తే కొంత ఫలితం కనిపించింది. సాలిసిలిక్ ఆమ్లానికి మూలం విల్లో చెట్టు బెరడు. తేడా అల్లా పరీక్షకు నిలబడడంలో ఉంది. పులిపిరి మీద డక్ట్ టేపు అంటిస్తే పోతుందని 2002లో వైద్యులే మురిసిపోయారు. 2006లో 103 మంది పిల్లల మీద మళ్లీ చూస్తే చెప్పుకోదగ్గ తేడా తేలలేదు, ఆ మోజు తగ్గింది. పసరు చిట్కాకు అలాంటి రెండో పరీక్ష ఎవరు పెట్టారు?

డాక్టరు దూరమన్న మాటలో ఒకప్పుడు నిజముంది. తిర్యాణి, కెరమెరి గూడేలకు ఇప్పటికీ ఉంది. కాని ఆదిలాబాద్ రిమ్స్‌కు తోడు 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలలో, 2023లో కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్, సిరిసిల్లలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. షుగర్ ఉన్నవాళ్ల పాదం మీద లేచినదాన్ని, పెద్ద వయసులో కొత్తగా మొలిచి రక్తం కారేదాన్ని పులిపిరని ఇంట్లోనే తేల్చేసుకుని కాల్చుకోవడానికి ఇక ఆ సాకు చెల్లదు. మొహం మీదివి, మర్మాంగాల దగ్గరివి కూడా డాక్టరుకు చూపించాల్సినవే.

చేతివేలి మీది మామూలు పులిపిరికైతే ఓపికే చాలు. వదిలేయొచ్చు. ఆగలేనివాళ్లు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పైతోలు రాయితో మెల్లగా రుద్ది, మెడికల్ షాపులో దొరికే సాలిసిలిక్ ఆమ్లం మందు పులిపిరి మీద మాత్రమే పూసుకుంటూ కొన్ని వారాలు చూడొచ్చు. ఆ రుద్దే రాయిని మాత్రం ఇంట్లో ఇంకొకరి మడమలకు వాడకూడదు, వైరస్ దానికీ అంటుకుని ఉంటుంది.