ఆదివారపు మెకానిక్కులు - చేతొడుగులు

స్వంత కారును స్వహస్తములతో బాగుచేసికొను అభిరుచి మన పట్టణవాసులలో కొందరికి కలదు. వకీళ్లు, ఉపాధ్యాయులు, బ్యాంకి ఉద్యోగులు ఆదివారమునాడు బానెట్టెత్తి, పానాలు పరచుకొని కూర్చుండుట చూచి మేము సంతసించుచున్నాము. చేతిపని చిన్నతనమను దురభిమానము తొలగుటకు ఇదియొక మార్గము. ఆ గుంపులో మేమును చేరినవారమే. కాని ఆయిలు, ఫిల్టరు మున్నగువానిని పదిమార్లు విచారించి కొను ఈ పెద్దమనుష్యులు తమ చేతుల తొడుగుల విషయమున చూపు అశ్రద్ధ శోచనీయము. కొందరు వట్టి చేతులతోనే పనిచేయుదురు. మరికొందరు అంగడిలో మొదట కంటబడిన జతను కొని, అన్ని పనులకును అదియే చాలునని తలంతురు. రెండవవారి పొరపాటే ఒక్కొక్కప్పుడు హెచ్చు ప్రమాదకరమని మా మనవి. ఏలయన, చేతికి కలుగు హాని యొక విధమైనది కాదు. దానికి రక్షయు ఒకటి కానేరదు.

మొదటి హాని నూనెవలన కలుగునది. లాంకషైరు నూలుమిల్లులలో కదురులకు పోయు ఖనిజతైలము బట్టలలోనికి ఇంకి కార్మికులకు చర్మపు క్యాన్సరు కలిగించుచున్నదని మాంచెస్టరు వైద్యులు 1922లోనే వ్రాసిరి. శుద్ధిచేయని తైలములును, కొద్దిగా మాత్రమే శుద్ధిచేసినవియు మానవులకు క్యాన్సరు కలిగించునవేయని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించియున్నది. వాడి నల్లబడిన ఇంజనాయిలు పూసిన ఎలుకల చర్మముపై కణుతులు పుట్టినవి. ఒకనాటి పనితో ప్రాణము పోదు. కాని గోళ్లసందుల నలుపుతో ఏండ్లు గడపుట వివేకము కాదు. ఈ పనికి నైట్రైలు తొడుగు తగినది. రబ్బరుపాలతో చేసిన లేటెక్సు తొడుగు నూనె తగిలిన ఉబ్బి, మెత్తబడి చినుగును. కొందరికి దానివలన దద్దురులును లేచును. తొడుగు మందమును మిల్లులలో చెప్పుదురు. మిల్లనగా అంగుళములో వేయవ వంతు. వైద్యపరీక్షలకు వాడునది 3, 4 మిల్లులుండును. కారుపనికి 5 మొదలు 8 వరకుండుట మేలు. పని ముగిసిన పిమ్మట పెట్రోలుతో చేతులు కడుగు ఆచారమును ఇకనైన మానవలెను. అది చర్మములోని సహజమైన జిడ్డును హరించి పగుళ్లు తెచ్చును. సబ్బే చాలును.

రెండవది కోతలు, గీతలు. రేకు అంచు తగిలినను, పానా జారినను పలుచని నైట్రైలు ఆపలేదు. అరచేతికి పూత పూసిన అల్లిక తొడుగు ఇక్కడ కావలెను. ఐరోపావారి ఈఎన్ 388 ప్రమాణము ననుసరించిన జతపై సుత్తి గుర్తును, దాని క్రింద అంకెలును ఉండును. అవి వరుసగా రాపిడి, కోత, చినుగుట, గ్రుచ్చుకొనుట అను నాలుగింటికి ఓర్చు శక్తిని తెలుపును. 2016లో చేర్చబడిన అక్షరము కోతకు సంబంధించినదే; ఏ తక్కువ, ఎఫ్ ఎక్కువ. ఎక్స్ అని యున్నచో ఆ పరీక్ష జరుగలేదని గ్రహింపవలెను. సాక్ష్యము లేని వాదమును న్యాయస్థానము ఒప్పదు. గుర్తు లేని జతను మనమేల ఒప్పవలెను?

మూడవది అన్నిటికంటె ముఖ్యము: తిరుగుదానియొద్ద తొడుగే శత్రువు. మూడేండ్ల క్రిందట మేము నడుచుచున్న ఇంజనులో బెల్టు చప్పుడు కనిపెట్టనెంచి, నూలు తొడుగుతోనే చెయ్యి చాచితిమి. తొడుగు కొస బెల్టున చిక్కుకొనెను. అది వదులుగా నుండుటచే ఊడిపోయినది. మా చూపుడువ్రేలి గోరు మాత్రము పోయినది. బిగుతైన గట్టి అల్లికయే యైనచో వ్రేలే పోయెడిది. కావున బెల్టు, ఫ్యాను, డ్రిల్లుల యొద్ద తొడుగు విప్పవలెను. ఇంజను ఆపియే చెయ్యి పెట్టవలెను. బ్యాటరీపని చేయునపుడు ఉంగరమును, గడియారమును తీసివేయవలెను.

విద్యుత్తు కార్ల సంగతి వేరు. వానిలోని నారింజరంగు తీగలయందు ప్రవహించునది ప్రాణాంతకమైన శక్తి. వానికి 1,000 వోల్టులవరకు పనికివచ్చు సున్నా తరగతి రబ్బరు తొడుగులును, వానిపై తోలు తొడుగులును వేసికొని, శిక్షణ పొందినవారే పనిచేయుదురు. నైట్రైలు తొడుగును నమ్మి ఆ తీగలజోలికి పోవుట ఆత్మహత్యతో సమానము.

తొడుగు వేసికొన్నచో నట్టు వ్రేళ్లకు తెలియదని కొందరందురు. అది తొడుగు దోషము కాదు, కొలత దోషము. బొటనవ్రేలు విడిచి, పిడికిలి కణుపుల వెంబడి అరచేతి చుట్టుకొలత తీసిన ఎన్ని అంగుళములో అదియే ఇంచుమించు తొడుగు సంఖ్య. ఎనిమిదంగుళముల చేతికి పది సంఖ్య కొనువాడు తొడుగును నిందింపరాదు.

తుదకొక మాట. మనకిది ఆదివారపు వేడుక. మనచేత కాని పనికి మనము పిలుచు మెకానిక్కునకు ఇది నిత్యజీవనము. మన చేతికి వారమున కొకమారు తగులు నూనె అతని చేతికి ప్రతిదినము తగులుచున్నది. నూరు తొడుగుల పెట్టె కొనువారు అందులో సగము అతని షెడ్డులో నుంచివచ్చిన నష్టమేమి? ఎవనికి ఏ తొడుగు ఎందుకో చెప్పి యిచ్చిన మరింత మేలు. స్వహస్తముల విలువ తెలిసినవారికి పరహస్తముల విలువయు తెలియవలదా?