ద్యుతీ చంద్: కేసులు రెండు, తిట్టు ఒకటే

2023 ఆగస్టులో ద్యుతీ చంద్‌కి డోపింగ్ కింద నాలుగేళ్ళ నిషేధం పడింది. ఆ వార్త వచ్చిన దగ్గర్నుంచి, ఆమె పేరెత్తితే చాలు ఒక మాట తయారు. "చూశారా, ఆ అమ్మాయిలో ఏదో తేడా ఉందని 2014లోనే అన్నాం కదా." అనేవాళ్ళంతా మనలాగే ఇంజినీరింగ్ వెలగబెట్టినవాళ్ళే. ఈమధ్య కాలంలో ఇంత తెలివితక్కువ మాట నేను వినలేదు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు 2014 సంగతి. ఒడిశా జాజ్‌పూర్ జిల్లాలో చాకా గోపాల్‌పూర్ అనే పల్లె. నేతపని చేసుకు బతికే ఇల్లు. అక్క సరస్వతిని చూసి పరుగు మొదలెట్టింది. 2013లో పుణే ఆసియా ఛాంపియన్‌షిప్ 200 మీటర్లలో కాంస్యం. అదే ఏడాది ప్రపంచ యూత్ పోటీల్లో 100 మీటర్ల ఫైనల్‌కి వెళ్ళింది, అప్పటిదాకా మన దేశం నుంచి ఆ గడప తొక్కినవాళ్ళే లేరు. 2014లో తైపేలో ఆసియా జూనియర్ పోటీల్లో రెండు స్వర్ణాలు. వయసు పద్దెనిమిది. సరిగ్గా గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలకి బయల్దేరే వేళకి జట్టులోంచి పేరు కొట్టేశారు.

ఏం చేసిందని? ఏమీ చెయ్యలేదు. మందు మింగలేదు, సూది వేయించుకోలేదు. ఒంట్లో సహజంగా ఊరే టెస్టోస్టెరాన్ లీటరుకి 10 నానోమోల్స్ లోపు ఉండాలని అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య 2011లో ఒక గీత గీసింది. ఆ నిబంధన కింద పక్కన పెట్టారు. మళ్ళీ పరుగెత్తాలంటే మందులతోనో, ఆపరేషన్‌తోనో ఆ హార్మోను తగ్గించుకోవాలి. ఆపరేషన్ అన్నది నేను కల్పించి చెప్పడం లేదండీ. పేద దేశాల పల్లెల నుంచి వచ్చిన, 18 నుంచి 21 ఏళ్ళ మధ్య వయసున్న నలుగురు క్రీడాకారిణులకి ఇలాంటి ఆపరేషన్లు చేసినట్టు ఫ్రాన్స్ వైద్యులే 2013లో పత్రం ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న ఒళ్ళు కోయించుకుంటేనే పరుగెత్తనిస్తారట!

ద్యుతీ ఒప్పుకోలేదు. క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్ళింది. పల్లెటూరి నేతన్న కూతురు స్విట్జర్లాండ్ దాకా వెళ్ళి ప్రపంచ సమాఖ్య మీద కేసు వెయ్యడం మాటలు కాదు. 2015 జులైలో వచ్చిన తీర్పులో నాకు నచ్చింది ఒక్కటే. స్త్రీ పురుషుల ఫలితాల మధ్య సుమారు 10 నుంచి 12 శాతం తేడా ఉంది కాబట్టే వేరే విభాగం పెట్టాం, సరే. సహజంగా టెస్టోస్టెరాన్ ఎక్కువున్న స్త్రీకి ఆ స్థాయిలో లాభం ఉందని మీ దగ్గర రుజువేదీ? ఇదీ అడిగిన ప్రశ్న. సమాఖ్య దగ్గర జవాబు లేదు. రెండేళ్ళలో తెమ్మని నిబంధనని ఆపేశారు.

ఇక్కడ "మరి మిగతా ఆడపిల్లల సంగతేంటి" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆడవాళ్ళకి వేరే విభాగం ఉండాల్సిందే, దానికో హద్దూ ఉండాల్సిందే. కానీ హద్దు గీసేవాడే కొలిచి చూపించాలి. వీళ్ళ కొలత ఎలా ఉందో చూడండి. సమాఖ్య ఆధారంగా చూపిన 2017 అధ్యయనంలో తేడా కనబడింది 400 మీటర్లు, 400 హర్డిల్స్, 800 మీటర్లు, హ్యామర్ త్రో, పోల్‌వాల్ట్‌లలో. 2018లో నిబంధన వచ్చింది 400 మీటర్ల నుంచి మైలు దాకా. హ్యామరూ పోల్‌వాల్టూ మాయం, లిస్టులో లేని 1500 మీటర్లు ప్రత్యక్షం! టెస్ట్ రిపోర్టులో ఒకటి ఫెయిలైతే ఇంకోదానికి ప్యాచ్ వేస్తే మీ మేనేజరు ఊరుకుంటాడా? 2021లో ఆ అధ్యయనం రాసినవాళ్ళే, మాది కార్యకారణ సంబంధం నిరూపించే పని కాదని సవరణ వేసుకున్నారు. అయినా 2023 మార్చిలో గీత 2.5కి దించి, అన్ని పోటీలకీ వర్తింపజేశారు.

ఈలోగా ఆ అమ్మాయి ఏం చేసిందంటే, పరుగెత్తింది. ఆమెకి చోటిచ్చి, శిక్షణ ఇచ్చింది మన హైదరాబాదే. గోపీచంద్ అకాడమీలో బస, కోచ్ నాగపురి రమేష్. 2016 ఏప్రిల్లో ఢిల్లీలో 11.33 పరుగెత్తింది. జాతీయ రికార్డే, కానీ రియో అర్హత 11.32. సెకనులో నూరోవంతు! జూన్‌లో అల్మాటీలో 11.24తో ఆ లెక్క తేల్చేసింది. 1980లో పి.టి. ఉష తర్వాత ఒలింపిక్స్ 100 మీటర్లలో దిగిన భారతీయ మహిళ ఈమే. రియోలో 11.69తో హీట్స్‌లోనే ఇంటికి. "మగ బలం" అని గుండెలు బాదుకున్నవాళ్ళు ఈ అంకె ఎందుకు గుర్తు తెచ్చుకోరో! 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 100లో, 200లో రెండు రజతాలు, 2019లో నేపుల్స్ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో స్వర్ణం, 2021లో పటియాలాలో 11.17.

ఇక డోపింగ్. 2022 డిసెంబర్లో తీసిన శాంపిళ్ళలో సార్మ్‌లు దొరికాయి. ఇవి కండ పెంచడానికి ల్యాబులో తయారు చేసే పదార్థాలు, ఒంట్లో వాటంతటవే ఊరేవి కావు. ఒంట్లో ఏం దొరికినా బాధ్యత క్రీడాకారులదే అన్నది నియమం. 2023 జనవరి 3 నుంచి లెక్కగట్టి నాలుగేళ్ళు వేశారు. నేను వెనకేసుకు రావడం లేదు, పడాల్సిన శిక్షే పడింది.

కానీ బాబూ, 2022లో దొరికిన మందు 2014లో చేసిన అన్యాయాన్ని న్యాయం ఎలా చేస్తుంది? పైగా పుట్టుకతోనే అంత అదనపు బలం ఉందంటారు, మళ్ళీ మందు లేకపోతే గెలవలేదంటారు. ముందు మీలో మీరు ఏదో ఒకటి తేల్చుకోండి :-) అసలు చాలామంది కోపం ఈ రెండింటి మీదా కాదని నా అనుమానం. 2019లో తాను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని బయటికి చెప్పింది కదా, దాన్నీ ఇదే గంపలో వేసి తిడుతున్నారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2025 సెప్టెంబర్ 1 నుంచి ప్రపంచ ర్యాంకింగ్ పోటీల్లో మహిళా విభాగానికి ఒక జన్యు పరీక్ష తప్పనిసరి చేశారు. ఇలాంటి పరీక్షే 1996 అట్లాంటాలో పెడితే 8 మంది స్త్రీలు అందులో తేలారు, చివరికి 8 మందినీ ఆడనిచ్చారు. 1999లో ఒలింపిక్ కమిటీ ఆ పద్ధతినే ఎత్తేసింది. ఇప్పుడు మళ్ళీ తెచ్చారు. రేపు మన పల్లె నుంచి పదహారేళ్ళ పిల్ల వెళ్తే ఆ రిపోర్టు ముందు ఎవరి చేతికొస్తుంది? అందులో రాసింది ఆ పిల్లకి అర్థమయ్యే భాషలో ఎవరు చెప్తారు? 2006 దోహా ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన శాంతి సౌందరరాజన్ పేరూ, 2014లో ద్యుతీ పేరూ పేపర్లకెక్కినట్టు ఈ పిల్ల పేరు ఎక్కకుండా చూసే బాధ్యత సమాఖ్యలో ఎవరిది? 2014లోనే అన్నాం అనేవాళ్ళు, ఈసారి ఇది అడగండి.