ఫీబేను చూసి నవ్వినోళ్లే అథీనాకు చప్పట్లు కొడతా ఉండారు

మన రేణిగుంట, తిరుపతి పక్క పాప పుట్టిందంటే ఇంట్లో మొదలయ్యే మొదటి పంచాయితీ పేరు గురించే. అవ్వ ఒకటంటాది. పంతులు ఒక అక్షరం ఇచ్చి పోతాడు. నాయన ఫోన్లో వెతికి ఇంకోటి తెస్తాడు. ఈ మధ్య ఆ వెతుకులాటలోకి గ్రీకు దేవతలు కూడా వచ్చి చేరినారు. అథీనా, ఐరిస్, డాఫ్నే, పెర్సెఫొనీ. "మనకేం దేవతలు కరువా, యాడో గ్రీకు దేశం పేరెందుకప్పా?" అని కొందరు. "ఊర్లో ఇంకెవరికీ లేని పేరు, రేపు పాప అమెరికా పోయినా పిలవడానికి బాగుంటాది" అని ఇంకొందరు. కొట్లాడుకునే ఈ రెండు వర్గాలూ గ్రీకు పేర్లు మన ఊర్లకు ఇప్పుడే వచ్చినాయనుకుంటా ఉండాయి. ఆ పేర్లు వచ్చి శానా కాలమాయె.

అపోలోనే తీసుకోండి. సూర్యుడికీ, వైద్యానికీ గ్రీకులు పెట్టుకున్న దేవుడు. మన చిత్తూరు జిల్లా అరగొండలో పుట్టిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి 1983లో మద్రాసులో ఆసుపత్రి పెట్టి దానికి ఆ పేరే పెట్టినాడు. నలభై ఏళ్లుగా మనోళ్లు "అపోలోకి తీసకపోండి" అంటానే ఉండారు. ధన్వంతరి పేరు ఎందుకు పెట్టలేదని ఒక్కరూ అడిగింది లేదు. ఆసుపత్రికైతే అడగని ప్రశ్న ఆడబిడ్డ దగ్గరికి వచ్చేసరికి అడగతాం.

జాతకం చూసి అక్షరం చెప్పే పంతులు వాడే మాటల్లో కూడా గ్రీకు ఉండాది. హోర, కేంద్రం అనేవి గ్రీకు నుంచి సంస్కృతంలోకి వచ్చిన మాటలు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహజ్జాతకంలో మేషాన్ని క్రియ అనీ, వృషభాన్ని తావురి అనీ గ్రీకు పేర్లతోనే చెప్పినాడు. యవనులు మ్లేచ్ఛులే అయినా ఈ శాస్త్రం తెలిసినోళ్లు కాబట్టి వాళ్లను ఋషుల మాదిరి గౌరవించాల్సిందే అని కూడా రాసినాడు. పద్నాలుగు వందల ఏళ్ల కిందట ఆయనకు లేని పట్టింపు ఇప్పుడు మనకొచ్చింది.

ఇవన్నీ అట్లుండనీ. నాకు ముల్లు మాదిరి గుచ్చుకునేది వేరే ఉండాది.

మన దళితవాడల్లో, చర్చికి పోయే ఇండ్లల్లో ఫీబే అనే పేరు తరాలుగా ఉండాది. బైబిల్లో రోమా పత్రిక పదహారో అధ్యాయంలో వచ్చే పేరు అది. కెంక్రేయ సంఘంలో సేవ చేసిన ఆడమనిషి, పౌలు అంత మర్యాదగా చెప్పిన మనిషి. ఆ పేరు పుట్టింది మాత్రం గ్రీకు పురాణంలోనే. ఫీబే అంటే అపోలోకు అవ్వ, వెలుగు అని అర్థం. ఐరీన్ కూడా అంతే, గ్రీకుల శాంతి దేవత. బైబిలు పేరని పెట్టినారు గానీ గ్రీకు దేవత అని పెట్టలేదు కదా అంటారేమో, నిజమే. అయినా పేరు అదే పేరు.

మరి ఆ పేర్లు పెట్టుకున్న పిల్లోళ్లకు ఏం దక్కింది? బడిలో హాజరు పిలిచేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగు చూసి "ఫోబ్" అని చదివే అయ్యవార్లు, ఎనక బెంచీల్లో కిసకిసలు. "మీకు తెలుగు పేర్లే దొరకలేదా?" అనే దెప్పుళ్లు. పేరు చూస్తానే కులం, మతం లెక్కలేసుకునే చూపులు. అదే గ్రీకు దేశం నుంచి అథీనా అనే పేరును సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే దంపతులు తెచ్చి తిరుపతిలో ఫంక్షన్ హాల్లో బియ్యంలో రాయిస్తే "ఎంత మోడ్రన్‌గా ఉండాది!" అంటాం. ఒకే చెట్టు కాయలు కదా ఇవి. ఒకటి కాసిన వీధిని చూసి నవ్వుతాం, ఇంకోటి కాసిన వీధిని చూసి మెచ్చుకుంటాం. గ్రీకు పేరు మన సంస్కృతా కాదా అని తర్కం చేసేటోళ్లు ముందు దీనికి జవాబు చెప్పాల.

పెట్టొద్దని నేననను. కథ చదివి పెట్టండి అంటాను. డాఫ్నే అంటే వినడానికి ముద్దుగానే ఉండాది. ఆమె కథేందంటే, అపోలో ఎంటపడితే పారిపోయి పారిపోయి, కడాకు తప్పించుకునే దారి లేక చెట్టయిపోయింది. కసాండ్రా జరగబోయేది చెప్పేది, అంతా నిజమే, అయినా ఎవరూ నమ్మకుండా శాపం. పెర్సెఫొనీని పాతాళం రాజు ఎత్తకపోతే ఆమె తల్లి ఏడుపుకు భూమి పంట పండడం మానేసింది. ఈ కథ మన రైతు ఇండ్లల్లో చెబితే బాగా అర్థమైతాది గానీ, బడిలో ఆ పేరు పెర్సు, ఫోను అని రెండు ముక్కలై పోతాది. అథీనా మాత్రం గట్టి మనిషి. తెలివికీ, యుద్ధానికీ దేవత.

అట్లాంటి గట్టి దేవత మనకూ ఉండాది. తాతయ్యగుంట గంగమ్మ. ఆడోళ్లను చెరిచే పాళెగాడు భయపడి దాక్కుంటే, రోజుకొక వేషమేసి ఎతికి, బయటికి రప్పించి చంపింది. డాఫ్నే పారిపోయింది, గంగమ్మ తరిమింది. ఏటా జాతరలో మొగోళ్లు చీరలు కట్టి ఆమె కోసం వేషాలేస్తారు. మరి గంగమ్మ అనే పేరు పాపకు పెట్టమంటే ఎంతమంది ఒప్పుకుంటారు? మునెమ్మ, మంగమ్మ, చెంగమ్మ కూడా అవ్వలతోనే పోతా ఉండాయి. గ్రీకు పేరొద్దు, మన పేరే ముద్దు అని గట్టిగా అరిచేటోళ్ల ఇండ్లల్లో కూడా పాప పేరు గంగమ్మ అని ఉండదు. నాకైతే ఇదే పెద్ద విచిత్రంగా ఉంటాది.

ఇంక కాగితాల సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. జనన మరణాల చట్టాన్ని 2023లో సవరించినారు. ఆ ఏడు అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లోళ్లకు బడి, ఓటరు జాబితా, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, సర్కారు ఉద్యోగం, పెండ్లి రిజిస్ట్రేషన్ అన్నిటికీ పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. దాంట్లో ఒక స్పెల్లింగు, ఆధార్లో ఇంకోటి, పదో తరగతి మార్కుల లిస్టులో మూడోది ఉంటే తిరిగేది ఆ పాపే. గ్రీకు పేర్లలో పలికేది ఒకటి, ఇంగ్లీషులో రాసేది ఒకటి. రియా అన్నా రెండు మూడు రకాలుగా రాస్తారు, జ్యూస్ తల్లి పేరు ఒక మాదిరి, మనోళ్లు రాసేది ఇంకో మాదిరి. సచివాలయంలో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి నోటితో చెప్పి రావద్దు. తెలుగులో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసియ్యండి. ఎక్కించినాక తల్లే ఒకసారి చదివి చూసుకోవాల.

తొందర కూడా పడొద్దు. పుట్టిన 21 రోజుల లోపల జననం రిజిస్టర్ చేయించాల గానీ, పేరు అప్పుడే ఉండాలని లేదు. పేరు లేకుండానే రిజిస్టర్ చేయించి, ఆ తర్వాత 12 నెలల లోపల ఫీజు లేకుండా పేరు ఎక్కించుకోవచ్చు. ఆ ఏడాదిలో అవ్వను ఆమె పేరు ఎట్లొచ్చిందో అడగండి. ఊర్లో ఫీబే అనే అక్క ఉంటే ఆ పేరుతో బడిలో, ఉద్యోగంలో ఎట్లా బతికిందో అడగండి. తొమ్మిది నెలలు మోసిన తల్లిని కూడా అడగండి, శానా ఇండ్లల్లో ఆమెను అడిగేది ఆఖర్నే.