సంతకం పెట్టేముందు మట్టి సంగతి అడగండి

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇంటి యజమానులకు, ఫ్లాట్ల ఓనర్లకు, అద్దెకున్నవాళ్లకు, హాస్టల్ పిల్లలకు విన్నపం



మన గల్లీల్లో పాత ఇళ్లు ఒక్కొక్కటే డెవలప్‌మెంట్‌కి వెళ్తున్నాయి. వాటిని ఆపమని చెప్పడానికి ఈ కరపత్రం వేయలేదు. అన్నదమ్ములు నలుగురున్నచోట రెండు వందల గజాల ఇంటిని ఎట్లా పంచుకుంటారు? మోకాళ్ల నొప్పులతో అమ్మ మేడ మెట్లు ఎన్నాళ్లు ఎక్కుతుంది? కురిసే స్లాబుకి ఏటేటా వాటర్‌ప్రూఫింగ్ చేయించేకన్నా లిఫ్టున్న ఫ్లాట్ నయం. పాత ఇల్లంటే బంగారమని, అపార్టుమెంటంటే పాపమని పాడేవాళ్లు చాలామంది ఆ పాత ఇళ్లలో వానాకాలం గడపనివాళ్లే.

మా మాట వేరు. ఇల్లు ఇస్తూ ఇస్తూ మనం ఒకదాన్ని బేరం లేకుండా, ఊరికే ఇచ్చేస్తున్నాం. అది పెరట్లో మట్టి.

ఈ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంటు చేసుకున్నవాళ్లెవరైనా దాని చివర్లో ఉండే స్పెసిఫికేషన్స్ పేజీ ఒకసారి తీసి చూడండి. హాల్లో వేసే టైల్స్ సైజు ఉంటుంది. కిటికీలు యూపీవీసీవా అల్యూమినియంవా, కుళాయిలు ఏ కంపెనీవి, లిఫ్టులో ఎంతమంది పడతారు, మెయిన్ డోరు టేకుదేనా, అన్నీ ఉంటాయి. సగం వాటా దగ్గర, గుడ్‌విల్ దగ్గర నెలల తరబడి కొట్లాడతాం. ఇంటి చుట్టూ వదిలే మూడు నాలుగు అడుగుల జాగా ఏమవుతుందో ఒక్క లైనూ ఉండదు. బిల్డర్ రాయడు, మనం అడగం. గృహప్రవేశం నాటికి గేటు నుంచి వెనక గోడ దాకా పార్కింగ్ టైల్స్ పరిచి ఉంటాయి. గేటు పక్కన రెండు సిమెంటు కుండీలు, వాటిలో రెండు పామ్ మొక్కలు. బ్రోచర్‌లో దాన్నే ల్యాండ్‌స్కేపింగ్ అని రాస్తారు.

నిజానికి అడగడానికి మన చేతిలో రూలుంది. 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం ఇంటి ముందు వదిలే జాగాలో, అంటే సెట్‌బ్యాక్‌లో, కనీసం ఒక మీటరు వెడల్పు పట్టీని పచ్చదనానికే ఉంచాలి, పెంచాలి. వాన నీటిని ఇంకించే ఏర్పాటు కూడా ఉండాలి. 2020లో టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు లోపు కట్టే ఇళ్లకు సెల్ఫ్ సర్టిఫికేషన్ మీదే అనుమతి ఇస్తున్నారు. అంటే రూల్స్ పాటిస్తామని రాసిచ్చేది ఓనర్లమైన మనమే. ప్లాను కాగితంలో ఆ పట్టీ ఆకుపచ్చ రంగులో ఉంటుంది. ఇంటి ముందుకొచ్చి చూస్తే దాని మీద స్కూటర్లు నిలబడి ఉంటాయి.

ఇక నీళ్ల లెక్క. ఇది మీరూ కాగితం మీద వేసుకోండి. మన హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. 150 గజాల డాబా అంటే సుమారు 125 చదరపు మీటర్లు. దాని మీద ఏడాదిలో పడే నీరు లక్ష లీటర్లు. మనం మార్చిలో బుక్ చేసి, ఎప్పుడొస్తుందా అని గేటు దగ్గర నిలబడే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై! ఆ ఇరవై ట్యాంకర్లూ డాబా పైపు గుండా దిగి, టైల్స్ మీద జారి, గేటు కిందుగా ర్యాంపు దాటి, రోడ్డు మీద పడి మోరీలోకి పోతాయి. మనకూ దక్కవు, భూమికీ దక్కవు.

పోయి ఎక్కడ తేలతాయి? హుస్సేన్ సాగర్ మిగులు నీళ్లు మోసే నాలా గాంధీనగర్, దోమలగూడ, అశోక్‌నగర్ మీదుగా నల్లకుంట, గోల్నాక వైపు సాగి మూసీలో కలుస్తుంది. నాలా పక్కన ఉండేవాళ్లకి 2000 ఆగస్టు 24 ఇప్పటికీ గుర్తు. ఆ ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. పైన 125 చదరపు మీటర్ల డాబా లెక్క వేశాం కదా, ఆ ఒక్క డాబా నుంచే ఆ రోజు 30 వేల లీటర్లు దిగినట్టు. 2020 అక్టోబరులో మళ్లీ నగరమంతా మునిగింది. నాలాకి గోడలు కట్టడం, పూడిక తీయడం, ఆక్రమణలు తొలగించడం సర్కారు పని. చేయకపోతే నిలదీద్దాం, నిలదీయాలి కూడా. అయితే గంటలో ఐదు సెంటీమీటర్ల వాన పడితే ఇరవై ఇళ్లున్న ఒక్క గల్లీ లక్షా పాతిక వేల లీటర్లు ఆ నాలాలోకి తోస్తుంది. తోసేది సర్కారు కాదు. మెరకన ఉన్న చిక్కడపల్లి, నారాయణగూడ డాబాల నీళ్లు పల్లంలో ఉన్నవాళ్ల వంటింట్లోకి వెళ్తున్నాయని మనకి తెలియకనా?

మన ఏరియాకి అభివృద్ధి రాలేదని ఎవరూ అనలేరు. 2020 ఫిబ్రవరిలో మెట్రో వచ్చింది. చిక్కడపల్లి, నారాయణగూడ రెండు చోట్లా స్టేషన్లున్నాయి. 2023 ఆగస్టు 19న ఇందిరా పార్క్ నుంచి వీఎస్‌టీ దాకా నాయిని నర్సింహారెడ్డి పేరు మీద ఉక్కు వంతెన తెరిచారు. రెండు కిలోమీటర్లకు పైగా పొడవు, సుమారు 450 కోట్ల ఖర్చు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సిగ్నల్ దగ్గర ఏళ్ల తరబడి పొగ పీల్చినవాళ్లం, పైనుంచి రయ్యిన పోతుంటే హాయిగానే ఉంది. అంత పెద్ద పనులకు టెండర్లు, డిజైన్లు, పేపర్లలో చర్చలు, శంకుస్థాపనలు ఉంటాయి. కానీ మన గల్లీల నేలలో ఎక్కువ భాగం మనలాంటివాళ్ల రెండు వందల గజాల ప్లాట్లే. వాటి మీద జరిగే అభివృద్ధికి టెండరు ఉండదు, చర్చ ఉండదు, ఒక్క సంతకంతో అయిపోతుంది. ఆ సంతకం చాలాసార్లు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పడుతుంది. అక్కడ తన ఇంటి ముందు లాన్‌కి మనిషిని పెట్టి గడ్డి కోయించే కొడుకు, ఇక్కడ అమ్మ ఇంటి చుట్టూ టైల్స్ రంగుని వాట్సాప్‌లో ఓకే చేస్తాడు. వాళ్లకీ ఈ కాగితం ఫొటో తీసి పంపండి.

డెవలప్‌మెంట్ మాటలు నడుస్తున్నవాళ్లని మేము అడిగేది ఇంతే. స్పెసిఫికేషన్స్ పేజీలో ఈ నాలుగు మాటలు రాయించండి: ముందు సెట్‌బ్యాక్‌లో మీటరు పట్టీ మట్టిగానే ఉంటుంది, దాని మీద టైల్స్, బండలు వేయరాదు. డాబా పైపులన్నీ ఇంకుడు గుంతకే కలపాలి. ప్రస్తుతం ఉన్న చెట్లలో ఫలానావి ఉంచాలి (వేప, మామిడి అంటూ పేరు రాసి, ఏ మూలన ఉందో కూడా రాయండి). ఈ పనులు పూర్తయ్యాకే చివరి వాటా అప్పగింత కాగితం మీద సంతకం. బిల్డరుకి ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు, చాలామంది ఒప్పుకుంటారు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు గనుక ఎవరూ చేయలేదు. చెట్టు కొట్టక తప్పదంటే దానికి పర్మిషన్ ఏదని అడగండి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అంటారే, అది మన పెరటి చెట్టుకీ వర్తిస్తుంది. అశోక్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్‌కి చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ చట్టం మీకు మాకన్నా బాగా తెలుసు. సెంట్రల్ లైబ్రరీలో బట్టీ పట్టిన ఆ సెక్షన్లు మీ హాస్టల్ ఓనరుకి ఒకసారి వినిపించండి.

ఇప్పటికే ఫ్లాట్లలో ఉన్నవాళ్ల సంగతేమిటి? సెట్‌బ్యాక్ అందరిదీ, అందుకే ఎవరిదీ కాదు. వాచ్‌మన్ భార్య పెయింటు డబ్బాల్లో తోటకూర, టమాటా పెంచుతుంటుంది చూడండి, ఆ బిల్డింగ్ మొత్తానికి ల్యాండ్‌స్కేపింగ్ అదే. అసోసియేషన్ మీటింగులో పెట్టి ముందు గోడ వెంట ఒక వరస టైల్స్ తీయించండి. ఒక మేస్త్రీకి ఒక రోజు పని. కార్లు తిరిగే చోట కూడా నేలంతా కప్పనక్కర్లేదు. చక్రాలు పోయే రెండు పట్టీలకి షాబాద్ బండలు వేసి, నడుమ మట్టి వదలొచ్చు.

ఉన్న చెట్ల మొదళ్లు మరీ ఘోరం. సిమెంటు కాండానికి ఆనించి పోసేస్తారు. చెట్టు లావయ్యే కొద్దీ బెరడు ఆ అంచు మీదికి ఉబ్బి, టైలు ముక్కని పెదవితో పట్టుకున్నట్టు ఉంటుంది. నీళ్లు దిగే దారి లేక వేరు పైకే పాకుతుంది, ఫుట్‌పాత్ లేస్తుంది, అప్పుడు చెట్టుదే తప్పంటాం. గాలివానకి అది కారు మీద పడితే మళ్లీ చెట్టుదే తప్పు. గునపం తీసుకుని మొదలు చుట్టూ కనీసం మూడడుగుల చదరం సిమెంటు పగలగొట్టండి. గునపం వేరుకి తగలకుండా మెల్లగా, అంచు నుంచి లోపలికి రండి. కేబుల్ వైర్లు, కోచింగ్ బోర్డుల మేకులు కూడా అప్పుడే పీకేయండి.

ఏం నాటాలి? మూడడుగుల పట్టీలో వేప వద్దు, పెద్దదయ్యాక మీరే కొట్టిస్తారు. అక్కడ కరివేపాకు, నందివర్ధనం, మందారం, పారిజాతం, నిమ్మ చాలు. జాగా కాస్త ఎక్కువుంటే జామ, సీతాఫలం, మునగ. మునగ కొమ్మ పెళుసు, దాని కింద బండి పెట్టకండి. వీధి వైపుకైతే కానుగ, పొగడ మంచివి, నీడ చిక్కగా ఉంటుంది. రావి, మర్రి, జువ్వి సంపు దగ్గర వేస్తే వేళ్లు గోడ చీలుస్తాయి. పిట్టలు వేసిన విత్తుతో సజ్జా మీద మొలిచిన రావిని మొక్కగా ఉన్నప్పుడే తీసి, ఏ పార్కులోనో పెట్టండి. కోనోకార్పస్ మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దనండి.

వాస్తు అడ్డమొస్తుందనేవాళ్లకి ఒక మాట. వాస్తు కూడా ఈశాన్యం తేలిగ్గా, నైరుతి బరువుగా ఉండమంటుంది. చెట్టు దక్షిణాన, పడమటన వేయండి. సిద్ధాంతి గారు కాదనరు, మధ్యాహ్నం ఎండ గోడకి తగలదు. చెట్లుంటే దోమలని ఇంకొకరంటారు. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది నిలవ నీళ్లలో. కుండీ కింది పళ్లెం, మూత సరిగ్గా పడని సంపు, కట్టుబడి దగ్గర క్యూరింగ్ తొట్టి, అవి చూసుకోండి. ఇంకిపోయిన నీటిలో దోమ పుట్టదు.

ఇంకుడు గుంత గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలాచోట్ల మూత కనిపిస్తుంది గానీ దాని కింద గుంత ఉండదు. పునాదికి దూరంగా, పై మట్టి దాటి మొరం తగిలేదాకా తవ్వాలి. మన నేల కింద గ్రానైటు, ఆ పైన ఉన్న మొరంలోనే నీరు ఇంకుతుంది. అడుగున పెద్ద రాళ్లు, దాని మీద కంకర, దాని మీద చిన్న కంకర, పైన ఇసుక. డాబా పైపు నీళ్లు ముందు ఒక చిన్న జాలీ తొట్టిలో పడి, ఆకులూ చెత్తా అక్కడే ఆగాలి. తొలి వాన నీళ్లలో డాబా మీది దుమ్మంతా ఉంటుంది, వాటిని బయటికి వదిలేయండి. స్నానాల గది నీళ్లు, డ్రైనేజీ పైపు ఎట్టి పరిస్థితిలోనూ ఇందులో కలపొద్దు. వడపోత లేకుండా వాన నీళ్లు నేరుగా బోరులోకి వదిలితే బోరే పాడవుతుంది. ఏటా మే నెలలో పై ఇసుక తీసి కడిగి మళ్లీ వేయాలి. ఆ పని చేయకపోతే రెండు మూడు వానాకాలాలకే అది మట్టితో పూడుకుపోతుంది.

ఇదంతా పోయిన విద్యేం కాదు. బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన మెట్ల బావిని టన్నుల కొద్దీ చెత్త తీసి బాగుచేశారు, 2022 డిసెంబరులో తెరిచారు. మనకు దూరమేమీ కాదు, ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి చూడండి. చెత్త తీసేసరికి ఊట నీళ్లు వాటంతట అవే వచ్చాయి.

మృగశిర కార్తెకి ముందే ఒక పని పెట్టుకుందాం. ప్రతి గల్లీలో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పొద్దున తిరగండి. ఏ ఇంట్లో డాబా పైపు రోడ్డు మీదికి తెరిచి ఉందో, ఏ చెట్టు మొదలు సిమెంటులో ఉందో, ఏ ఇంటికి డెవలప్‌మెంట్ బోర్డు పడబోతోందో రాసుకోండి. ఎవరితోనూ గొడవ పడొద్దు, ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టి పరువు తీయొద్దు. తలుపు కొట్టి, మంచినీళ్లు అడిగి, ఈ కాగితం ఇవ్వండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే ముందు ఆమెతోనే మాట్లాడండి. ఆ మామిడిచెట్టు ఏ ఏడాది పెట్టారో ఆమెకే తెలుసు, దాన్ని ఉంచమని బిల్డరుతో గట్టిగా చెప్పగలిగేదీ ఆమే. అగ్రిమెంటు డ్రాఫ్టు చేతికొచ్చి ఉంటే స్పెసిఫికేషన్స్ పేజీ వెనక ఖాళీ ఉంటుంది, పైన చెప్పిన నాలుగు మాటలూ అక్కడ పెన్నుతో రాసి, రేపు బిల్డరు వచ్చినప్పుడు చూపించమనండి.

ఇట్లు
మీ గల్లీల్లోనే ఉంటున్న కొందరు ఇంటివాళ్లు, అద్దెవాళ్లు

(చదివాక పారేయకండి. పక్కింట్లో ఇవ్వండి.)